బేస్‌బాల్ కార్డుల్లో అచ్చుతప్పులు, వేరియేషన్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత బేస్‌బాల్ కార్డుల (ముందు ఆటగాడి ఫొటో, వెనక అతని వివరాలు ఉండే అచ్చు కార్డుల) డబ్బా తెరిచిన ప్రతివాళ్లకీ దాదాపు ఇవే అనుమానాలు వస్తాయి. అమెరికాలో పిల్లలు కార్డులు పోగేస్తున్న తెలుగు కుటుంబాల నుంచీ ఇవే ప్రశ్నలు వస్తుంటాయి. ఏ జవాబుకి ఆ జవాబు విడిగా చదువుకునేలా రాశాం. కావలసిన చోటికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## ముందుగా తేల్చుకోవాల్సినవి

కార్డు మీద తప్పు ఉంది. అంటే ఎక్కువ డబ్బు వస్తుందా?

చాలాసార్లు రాదు. తప్పు ఉందా లేదా అన్నది రెండో సంగతి. కంపెనీ అచ్చు నడుస్తుండగా దాన్ని సరిదిద్దిందా అన్నది మొదటి సంగతి. సరిదిద్దకపోతే ఆ నంబరుతో అచ్చయిన కార్డులన్నిటి మీదా అదే తప్పు ఉంటుంది కాబట్టి మీ చేతిలో ఉన్నది మామూలు కార్డే. సరిదిద్దితే రెండు రకాలు బయటికొస్తాయి, వాటిలో ఏది తక్కువ అచ్చయిందో దానికి గిరాకీ ఉంటుంది. తప్పు ఆలస్యంగా పట్టుబడితే సరిదిద్దిన కార్డే తక్కువగా దొరుకుతుంది. ఆ తర్వాత చూడాల్సింది, ఆ తేడా గురించి ఎంతమందికి తెలుసు, ఎంతమంది దాన్ని వెతుకుతున్నారు అని. లోకంలో ఒకటే ఉన్నా, కావాలనేవాళ్లు లేకపోతే ధర పలకదు.

ఎర్రర్, వేరియేషన్, ప్రింట్ డిఫెక్ట్ మూడూ ఒకటేనా?

కాదు. పేరు స్పెల్లింగు, ఫొటో, జట్టు, గణాంకాలు వంటివి తప్పుగా సిద్ధమై అలాగే అచ్చయితే ఎర్రర్. ఒకే నంబరు కార్డు రెండు మూడు రూపాల్లో వస్తే వేరియేషన్, అందులో తప్పు ఉండాలనేమీ లేదు. ప్రెస్ మీద ఇంకు, కాగితం, ప్లేటు ఇబ్బంది పెట్టడం వల్ల కొన్ని కాపీల మీద పడే మచ్చలు, మరకలు ప్రింట్ డిఫెక్ట్. మొదటి రెండూ కేటలాగుల్లోకి ఎక్కుతాయి. మూడోది సాధారణంగా కార్డు విలువని తగ్గిస్తుంది. అయితే ఒకే డిఫెక్టు ఒకే చోట వందల కాపీల మీద పడి, కలెక్టర్ల కంట పడితే, కొన్నేళ్లకి దానికీ వేరియేషన్ హోదా వచ్చేస్తుంది. గొడవలన్నీ ఆ సరిహద్దు దగ్గరే.

చెక్‌లిస్టులో (ఒక సెట్‌లో, అంటే కంపెనీ ఒక వరసగా వేసిన కార్డుల్లో, ఏమేం ఉన్నాయో చెప్పే జాబితాలో) ఈఆర్ఆర్, సీఓఆర్, యూఈఆర్ అని ఉంది. ఏమిటవి?

ఈఆర్ఆర్ అంటే తప్పుతో వచ్చిన కార్డు, దానికి సరిదిద్దిన జోడీ కూడా ఉంది. ఆ జోడీయే సీఓఆర్. యూఈఆర్ అంటే తప్పు ఉంది, కంపెనీ ఎప్పుడూ సరిదిద్దలేదు. అమ్మేవాళ్లు యూఈఆర్ కార్డుకి పెద్దక్షరాలతో ‘ఎర్రర్’ అని పెట్టి ధర పెంచుతుంటారు. చెక్‌లిస్టులో ఆ ‘యూ’ కనిపిస్తే మామూలు కార్డు ధరే ఇవ్వండి.

హోనస్ వాగ్నర్ అనే పాతకాలపు ఆటగాడి కార్డుకి అంత ధర అచ్చుతప్పు వల్లేనా?

కాదు. 1909–11 మధ్య అమెరికన్ టొబాకో కంపెనీ సిగరెట్ పెట్టెల్లో పెట్టిన టీ206 సెట్‌లోది ఆ కార్డు. వాగ్నర్ అభ్యంతరం చెప్పడంతో అచ్చు తొందరగా ఆగిపోయింది, అందుకే అరుదు. 2022లో ఒక కాపీ 72.5 లక్షల డాలర్లకి చేతులు మారింది. అచ్చు మాత్రం శుభ్రంగానే ఉంటుంది.

ఒకే సెట్‌లో ఇన్ని తప్పులు ఎలా పడతాయి?

కార్డులు ఒక్కొక్కటిగా అచ్చుకావు. టాప్స్ కంపెనీ 1970, 80లలో 132 కార్డుల షీటు వాడేది. 792 కార్డుల సెట్ అంటే అలాంటివి సరిగ్గా ఆరు షీట్లు. 1978 నుంచి 1981 వరకు సెట్‌లో 726 కార్డులే ఉండేవి కాబట్టి మిగిలిన జాగాలో 66 కార్డులు రెండోసారి పడేవి. వాటినే డబుల్ ప్రింట్ అంటారు.

షీటు మీద నీలం, ఎరుపు, పసుపు, నలుపు ఒక్కో ప్లేటు నుంచి ఒకదాని మీద ఒకటి పడతాయి. తర్వాత వెనకవైపు అచ్చు, ఆ తర్వాత కటింగ్. పేరు తప్పు టైప్ చేయడం, ఫొటో ఫిల్మును తిరగేసి పెట్టడం ప్రెస్ దాకా రాకముందు జరిగేవి, అవి ప్రతి కాపీ మీదా ఉంటాయి. ప్లేటు మీద చెత్త పడటం, ఒక రంగు అందకపోవడం ప్రెస్ మీద జరిగేవి, కనిపెట్టి ఆపేవరకు వచ్చిన కాపీల మీదే ఉంటాయి. వెనకవైపు మారిపోవడం, పక్క కార్డు ముక్క కలిసి రావడం చివరి దశవి. తప్పు ఏ దశలో పుట్టిందో తెలిస్తే, అలాంటి కాపీలు ఎన్ని ఉండొచ్చో కూడా కొంత అంచనా దొరుకుతుంది.

## కార్డు చేతిలో పెట్టుకుని చూసేటప్పుడు

పరిశీలించడానికి ఏమేం కావాలి?

10 రెట్లు పెద్దగా చూపించే భూతద్దం, చిన్న ఎల్ఈడీ టార్చి, అల్ట్రావయొలెట్ టార్చి, డిజిటల్ క్యాలిపర్ (కొలత తీసే సాధనం). వీటన్నిటికన్నా ముఖ్యం అదే సెట్‌లో అదే కార్డు మామూలు కాపీ ఒకటి. 80, 90ల కార్డులయితే అది చాలా చవగ్గా దొరుకుతుంది. రెండూ పక్కపక్కన పెట్టకుండా ‘తేడా ఉంది’ అని నిర్ణయించుకోవద్దు. ఫోన్ తెర మీద ఫొటోతో పోలిస్తే రంగు తేడాలు నమ్మడానికి వీల్లేదు.

బొమ్మ మసగ్గా, అంచుల్లో ఎర్ర నీడతో ఉంది. ఇది ఎర్రరా?

కాదు, రంగులు రిజిస్టర్ తప్పాయి. నాలుగు ప్లేట్లలో ఒకటి పిసరంత జరిగితే పేరు చుట్టూ, టోపీ అంచున వేరే రంగు గీతలా కనిపిస్తుంది. 1990కి ముందు కార్డుల్లో ఇది సర్వసాధారణం. గ్రేడ్ (కార్డు ఎంత బాగుందో చెప్పే మార్కు) తగ్గిస్తుంది తప్ప ధర పెంచదు.

మధ్యలో చుక్క, దాని చుట్టూ తెల్లటి వలయం ఉంది. ఏమిటది?

ప్రెస్సువాళ్లు దాన్ని హిక్కీ అంటారు. దుమ్మో, కాగితం పొట్టో, ఎండిన ఇంకు పెచ్చో ప్లేటుకి గానీ రబ్బరు బ్లాంకెట్‌కి గానీ అంటుకుంటే, దాని చుట్టూ ఇంకు కాగితానికి ఆనదు. ఆ చెత్త ఊడిపోయేదాకా వరసగా కొన్ని షీట్ల మీద అదే చోట పడుతుంది. కాబట్టి మీ కార్డులాంటిదే ఇంకొకటి కనిపించినంత మాత్రాన అది వేరియేషన్ అయిపోదు.

ఒక రంగు అసలు లేదు. ప్రెస్‌లోనే పడలేదా, ఎండకి వెలిసిందా?

పదిలో తొమ్మిదిసార్లు ఎండే. ఎరుపు, పసుపు ముందు పోతాయి, నీలం, నలుపు చివరిదాకా నిలబడతాయి. గోడ మీద నెలల తరబడి ఎండిన సినిమా పోస్టరు చివరికి నీలంగా మిగిలినట్టే. పరీక్ష ఇలా చేయండి. భూతద్దంతో తెల్లగా కనిపించే చోట చూడండి. వెలిసిన రంగు అయితే పాలిపోయిన చుక్కలు ఇంకా ఉంటాయి. ప్రెస్‌లోనే ఆ రంగు పడకపోతే ఆ చుక్కల జాడే ఉండదు, మిగతా మూడు రంగులు మాత్రం పూర్తి గాఢతతో ఉంటాయి. ఎరుపు సగం, పసుపు ముప్పావు పోయి నీలం కూడా కాస్త పాలిపోయిందంటే అది కిటికీ పక్కన పెట్టిన కార్డు. ఫ్రేము కింద దాగిన అంచు ముదురుగా ఉండి మధ్యభాగం లేతగా ఉన్నా అదే తీర్పు.

నల్ల ఇంకు మొత్తం లేదు. ఇలాంటివి నిజంగా ఉన్నాయా?

ఉన్నాయి. 1982 టాప్స్ సెట్‌లో కొన్ని షీట్లు నలుపు ప్లేటు పడకుండా బయటికొచ్చాయి. బొమ్మ పలచగా, గీతలు లేకుండా, ఆటగాడి అచ్చు సంతకం లేకుండా ఉంటాయి. వీటిని బ్లాక్‌లెస్ అంటారు. పెద్ద ఆటగాళ్లవి ఖరీదే. పాక్షికంగా నలుపు తగ్గిన కార్డుని ఇదే పేరుతో అమ్మేవాళ్లున్నారు, సంతకం గీత లేశమైనా కనబడితే అది పూర్తి బ్లాక్‌లెస్ కాదు.

ఫొటో తిరగబడి అచ్చయిందని ఎలా పోల్చాలి?

నాలుగు చోట్ల చూడండి. జెర్సీ మీద అక్షరాలు, అంకెలు అద్దంలో చూసినట్టు ఉన్నాయా? టోపీ మీద అక్షరం తిరగబడిందా? జెర్సీ గుండీల పట్టీ మగవాళ్ల చొక్కాకి ఉన్నట్టు ఎడమవైపు పైన ఉందా? కార్డు వెనక ‘త్రోస్’ అన్నచోట రాసిన చేయి, బొమ్మలో బంతి పట్టిన చేయి ఒకటేనా?

ఒక్క చివరి గుర్తుతోనే తేల్చేయొద్దు. 1957 టాప్స్ 20వ నంబరు హ్యాంక్ ఆరన్ కార్డు నిజంగా తిరగబడింది: కుడిచేతి బ్యాటరు ఎడమచేతి వాటంగా కనిపిస్తాడు, జెర్సీ మీద 44 కూడా తిరగబడే ఉంటుంది. 1959 టాప్స్ 440వ నంబరు లూ బర్డెట్ కార్డులోనూ కుడిచేతి పిచ్చర్ ఎడమచేత్తో విసురుతున్నట్టు ఉంటాడు. కానీ జెర్సీ అక్షరాలు సరిగ్గా చదవొస్తాయి. ఫొటోగ్రాఫర్‌ని ఆటపట్టించడానికి అతనే అలా నిలబడ్డాడు, అందులో ప్రెస్సువాళ్ల తప్పేమీ లేదు. ఈ రెండూ సరిదిద్దనివే. సరిదిద్దినవి కావాలంటే టాప్స్ పోటీ కంపెనీలవి, 1982 ఫ్లీర్ 576 జాన్ లిటిల్‌ఫీల్డ్, 1989 అప్పర్ డెక్ 357 డేల్ మర్ఫీ, 1990 డాన్‌రస్ 33 హువాన్ గొంజాలెజ్ చూడండి. మొదటి రెండింటికీ గిరాకీ ఉంది. గొంజాలెజ్ కార్డు రెండు రకాలూ ఇబ్బడిముబ్బడిగా దొరుకుతాయి.

ముందు ఒక ఆటగాడు, వెనక వేరే ఆటగాడి వివరాలు. ఎంత విలువ?

రెండు రకాలున్నాయి, కలపొద్దు. షీటు వెనకవైపు అచ్చుకి వెళ్లేటప్పుడు తిప్పి పెట్టడం వల్లో, వేరే షీటు ప్లేటు పడటం వల్లో వచ్చే రాంగ్ బ్యాక్ చెదురుమదురుగా దొరుకుతుంది. ముందువైపు పేరున్న ఆటగాడు అయితేనే కొనేవాళ్లుంటారు. రెండోది, మూలంలోనే వివరాలు మారిపోయి తర్వాత సరిచేసినది. 1952 టాప్స్‌లో 48 జో పేజ్, 49 జానీ సేన్ కార్డుల వెనక ఒకరి జీవిత వివరాలు ఇంకొకరికి పడ్డాయి. ఇవి కేటలాగులో నిలిచిన వేరియేషన్లు.

వెనకవైపు ఖాళీగా ఉంది. పైగా అంచున పక్క కార్డు కూడా కనబడుతోంది.

వెనక ఖాళీగా ఉండటానికి, ప్రెస్ రెండు షీట్లు కలిపి లాగేసుకోవడం ఒక మామూలు కారణం. పక్క కార్డు కనిపిస్తే కటింగ్ పక్కకి తప్పింది. ఇలాంటివి కొనేటప్పుడు ఒక జాగ్రత్త: కత్తిరించని పూర్తి షీట్లు, ప్రెస్సు వృథా కాగితాలు కూడా మార్కెట్లో తిరుగుతుంటాయి. వాటి నుంచి కత్తెరతో కావలసినట్టు కోసి ‘ఫ్యాక్టరీ మిస్‌కట్’ అని అమ్మడం తేలిక. 1957 నుంచి టాప్స్ కార్డు కొలత 63.5 × 88.9 మిల్లీమీటర్లు. బొమ్మ ఎంత పక్కకి జరిగినా కార్డు కొలత అంతే ఉండాలి. అంచుని భూతద్దంలో చూడండి, నాలుగు వైపులా కోత ఒకే తీరుగా ఉంటే ఫ్యాక్టరీది. ఒక వైపు మాత్రం మరీ పదునుగా, తాజాగా, తెల్లగా ఉంటే ఇంట్లో కోసినది.

## పేరుమోసిన కార్డులు

టీ206లో మగీ, డోయిల్ కార్డులు దొరికితే అసలువని ఎలా తెలుస్తుంది?

షెర్రీ మగీ పేరులో ‘జి’ తర్వాత ‘ఇ’ రావాల్సిన చోట ‘ఐ’ పడింది, వెంటనే సరిచేశారు. తప్పు కార్డు వెనక పీడ్‌మాంట్ సిగరెట్ల ‘150’ ప్రకటన మాత్రమే ఉంటుంది. జో డోయిల్ న్యూయార్క్ అమెరికన్ లీగ్ జట్టువాడు, అతని పేరు పక్కన ఇంకో లీగైన నేషనల్ లీగ్ అని పడిన కార్డు అత్యంత అరుదు, అది పీడ్‌మాంట్ 350 వెనకతో మాత్రమే వచ్చింది. వెనక వేరే సిగరెట్ బ్రాండు ఉంటే ముందువైపు చూడక్కర్లేదు.

వెనక సరిపోయినా, స్పెల్లింగు సరిగ్గా ఉన్న చవకైన ‘మగీ’ కార్డులో ఆ ఒక్క అక్షరాన్ని గీకి మార్చిన నకిలీలు పాతకాలం నుంచే ఉన్నాయి. టార్చిని పక్కనుంచి వాలుగా వేసి అక్షరం చుట్టూ కాగితం పీచు లేచిందేమో చూడండి. అల్ట్రావయొలెట్ వెలుగులో కార్డు నీలితెలుపుగా మెరిస్తే అది ఆ కాలపు కాగితమే కాదు. కాగితంలో ఆ మెరుపు రసాయనాలు రెండో ప్రపంచయుద్ధం తర్వాతే వాడుకలోకి వచ్చాయి.

‘హెర్రర్’, ‘బేకెప్’ అంటే ఏమిటి?

1958 టాప్స్ 433వ కార్డు పాంచో హెర్రెరాది. పేరు చివరి ‘ఏ’ పడకుండా కొన్ని కాపీలు వచ్చాయి. 1957లో 176వ నంబరు జీన్ బేకర్ పేరు చివరి ‘ఆర్’కి కింది కాలు పడక ‘పి’ అయింది. రెండూ ప్రెస్ మీద ఏదో అడ్డుపడి జరిగినవే. హెర్రర్ బాగా ఖరీదు. ‘ఏ’ సగం చెరిగిన కాపీలు కూడా ఉన్నాయి, అవి పూర్తి హెర్రర్ కిందకి రావు, ధర చాలా తక్కువ. రబ్బరుతో చెరిపిన నకిలీలో ఆ చోట వెనక రంగు కూడా పలచబడుతుంది, నునుపు పోతుంది. అసలుదానిలో వెనక రంగు అక్షరం కిందనుంచి చెక్కుచెదరకుండా సాగుతుంది.

1969 మాంటిల్ కార్డు తెల్ల అక్షరాలతో ఉంటే నిజంగా ఎక్కువ ధరా?

అవును. 500వ నంబరు మిక్కీ మాంటిల్ ఇంటిపేరు మామూలుగా పసుపు. తెల్లగా ఉన్నది అరుదు, ధర ఎన్నో రెట్లు. ఇది ఆటగాడిగా మాంటిల్‌కి వచ్చిన చివరి మామూలు టాప్స్ కార్డు కావడం కూడా గిరాకీకి ఒక కారణం. 1958లో దీనికి ఉల్టా: మొదటి సిరీస్‌లో తెల్లగా ఉండాల్సిన పేరో, జట్టు పేరో పసుపుగా వచ్చినవి అరుదు. ఆరన్ (30), రొబెర్తో క్లెమెంటె (52) కార్డులకి ఈ పసుపు రకం ఉంది.

1974 కార్డు మీద ‘వాషింగ్టన్’ అని ఉంది. అప్పుడు ఆ జట్టే లేదుగా?

లేదు. శాన్ డియాగో పాడ్రెస్ వాషింగ్టన్‌కి మారిపోతుందని ఖాయమనుకుని టాప్స్ అలాగే అచ్చేసింది. ఆఖరి నిమిషంలో మెక్‌డొనాల్డ్స్ యజమాని రే క్రాక్ జట్టుని కొని శాన్ డియాగోలోనే ఉంచేశాడు. అప్పటికే 15 కార్డులు ‘వాషింగ్టన్, నేషనల్ లీగ్’ పేరుతో బయటికొచ్చేశాయి, తర్వాత శాన్ డియాగో అని మార్చారు. విల్లీ మెకోవీ (250) రెండు రకాలుగానూ ఉంటాడు. డేవ్ విన్‌ఫీల్డ్ తొలి కార్డు (456) శాన్ డియాగో పేరుతో ఒక్కటే ఉంది. ‘వాషింగ్టన్ విన్‌ఫీల్డ్’ అని ఎవరైనా చూపిస్తే అది నకిలీ.

1981 ఫ్లీర్ నెటిల్స్ కార్డు అంత పేరెందుకు తెచ్చుకుంది?

టాప్స్ గుత్తాధిపత్యం పోయి ఫ్లీర్, డాన్‌రస్ హడావుడిగా రంగంలోకి దిగిన ఏడాది అది. రెండు సెట్లలోనూ తప్పులు కుప్పలు, మళ్లీ మళ్లీ అచ్చులో సరిచేస్తూ పోయారు. 87వ నంబరు గ్రెయిగ్ నెటిల్స్ కార్డు వెనక పేరులో ‘జి’కి బదులు ‘సి’ పడింది. మొదటి అచ్చులో ఉండి వెంటనే మాయమైంది. జనం ఎగబడి కొన్నారు, 80లలో ఎర్రర్ల పిచ్చికి ఇదే ఊపు. ఇప్పుడు ధర నేల మీదికి వచ్చింది. 1982 ఫ్లీర్‌లో అల్ హ్రబాస్కీ (438) మూడు రకాలు: పేరు ‘అల్’లో ఒక ‘ఎల్’ ఎక్కువ, ఎత్తు 5 అడుగుల 1 అంగుళం; పేరు సరి, ఎత్తు తప్పు; రెండూ సరి, ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు.

బిల్ రిప్కెన్ బూతు కార్డు రకాల్లో ఏది అరుదు?

1989 ఫ్లీర్ 616. బ్యాట్ పిడి అడుగున బూతు మాట స్పష్టంగా చదవొచ్చేలా అచ్చయింది. ప్రాక్టీసు బ్యాట్‌ని గుర్తుపట్టడానికి తనే రాసుకున్నానని రిప్కెన్ తర్వాత చెప్పాడు. ఫ్లీర్ దాన్ని కప్పిపుచ్చడానికి పడిన తంటాలన్నీ వేర్వేరు రకాలుగా మిగిలాయి: నల్ల గీతలతో కెలికినవి, కోత పెట్టినట్టున్నవి, నల్ల చతురస్రం వేసినవి, తెల్లగా చేసినవి. నల్ల చతురస్రం అన్నిటికన్నా మామూలు. మాట కనిపించేది కూడా తేలిగ్గానే దొరుకుతుంది. తెల్లటిదే అరుదు, అందుకే నకిలీలూ దానికే ఎక్కువ. కార్డుని వాలుగా పట్టుకోండి. వైట్‌నర్ పూస్తే ఆ చోట చిన్న బొడిపె, మెరుపులో తేడా కనిపిస్తాయి. అచ్చులో పడినదయితే మిగతా కార్డుతో సమంగా ఉంటుంది.

పేరు లేని ఫ్రాంక్ థామస్ కార్డు నా దగ్గరుంది. అసలుదేనా?

1990 టాప్స్ 414. షీటు మీద ఒక ప్రాంతంలో నలుపు పడకపోవడంతో థామస్ పేరు పూర్తిగా పోయింది, చుట్టుపక్కల కార్డుల్లోనూ నల్ల గీతలు అక్కడక్కడ తెగిపోయాయి. అసలుదానిలో పేరుతోపాటు పేరు పెట్టె చుట్టూ ఉండే సన్నని నల్ల గీత కూడా ఉండదు. గీత నిండుగా ఉండి పేరొక్కటే లేకపోతే ఎవరో చెరిపినట్టే. 90ల మొదట్లో కార్డులు విపరీతంగా అచ్చయ్యాయి, ఆ కాలపు తప్పుల్లో నిజంగా డబ్బు చేసేవి బహుకొద్ది. ఇది వాటిలో మొదటి వరసలోది.

ఫొటోలో వేరే మనిషి ఉంటే?

సరిచేశారా లేదా చూడండి. 1969 టాప్స్ 653 ఆరేలియో రోడ్రిగెజ్ కార్డులో ఉన్నది జట్టు బ్యాట్‌బాయ్ (బ్యాట్లు అందించే కుర్రాడు), 1985 టాప్స్ 497 గ్యారీ పెటిస్ కార్డులో ఉన్నది అతని తమ్ముడు. రెండూ సరిదిద్దలేదు, సరదాకి కొనుక్కోవచ్చు. 1988 టాప్స్ 18 అల్ లైటర్, 1990 డాన్‌రస్ 121 జాన్ స్మోల్ట్స్ సరిచేసినవి, అయినా చవకే. 1987 డాన్‌రస్ ఓపెనింగ్ డే 163 బ్యారీ బాండ్స్ మాత్రం వేరు: జానీ రే ఫొటోతో వచ్చిన తప్పు కాపీలు కొద్ది, ఆటగాడు పెద్దవాడు.

1990 డాన్‌రస్ వెనక కంపెనీ పేరు చివరి ‘ఐఎన్‌సీ’ తర్వాత చుక్క లేదు. అమ్ముకోవచ్చా?

అమ్మకానికి పెట్టొచ్చు, కొనేవాళ్లు రారు. చుక్కతోనూ చుక్క లేకుండానూ ఆ సెట్ విపరీతంగా అచ్చయింది. ‘చుక్క లేని అరుదైన కార్డు’ అని వేల డాలర్లకి పెట్టిన ప్రకటనలు ఇంకా కనిపిస్తూనే ఉంటాయి.

2007 జీటర్ కార్డులో అధ్యక్షుడు బుష్ ఉన్నాడు. అది అరుదా?

కాదు. 40వ నంబరు డెరెక్ జీటర్ కార్డులో ప్రేక్షకుల్లో జార్జ్ బుష్‌ని, డగౌట్‌లో మిక్కీ మాంటిల్‌ని కంప్యూటర్లో అతికించారు. కొంటెపనే, కానీ మామూలు ప్యాకుల్లో ధారాళంగా వచ్చింది.

కొత్త టాప్స్ ప్యాకులో అదే నంబరుకి వేరే ఫొటో వచ్చింది. తప్పు పడిందా?

లేదు, కావాలనే పెట్టారు. షార్ట్ ప్రింట్ అంటారు. ఫొటో మారడమే దీని తేడా, ముందువైపు ఏ ముద్రా ఉండదు. కార్డు వెనక కింద అతి చిన్న అక్షరాల్లో ఉండే కోడ్ చివరి అంకెలు మామూలు కార్డుకి వేరుగా ఉంటాయి. అవి ఏటా మారతాయి కాబట్టి ఆ ఏడాది చెక్‌లిస్టుతోనే పోల్చాలి, పోయినేడాది కోడ్ పనికిరాదు.

## కొనడం, గ్రేడింగ్, దాచుకోవడం

ఈబేలో ఇదే కార్డు లక్ష డాలర్లకి ఉంది. నాది కూడా అంతేనా?

అడుగుతున్న ధర ఎవరైనా ఎంతైనా రాసుకోవచ్చు. వడపోతల్లో ‘సోల్డ్’ ఎంచుకుని, నిజంగా అమ్ముడైన ధరలు మాత్రమే చూడండి. అమ్ముడైనది ఒక్కటే ఉంటే అదీ లెక్కలోకి తీసుకోవద్దు. కనీసం నాలుగైదు, అదీ మీ కార్డు కండిషన్‌కి దగ్గరగా ఉన్నవి కావాలి.

కార్డులకి గ్రేడ్ ఇచ్చే పీఎస్ఏ కంపెనీకి పంపితే లేబుల్ మీద ‘ఎర్రర్’ అని రాస్తారా?

వాళ్లు గుర్తించిన జాబితాలో ఆ రకం ఉంటేనే. లేకపోతే మామూలు కార్డుగా లేబుల్ వేస్తారు. ప్రెస్ మచ్చకి ‘పీడీ’, పక్కకి జరిగిన బొమ్మకి ‘ఓసీ’, కటింగ్ తప్పుకి ‘ఎంసీ’ అన్న తోక గ్రేడ్ పక్కన చేరుతుంది, ఆ తోకతో ధర బాగా పడిపోతుంది. పంపేముందు అదే రకం కార్డు ఇంతకుముందు ఏ పేరుతో లేబుల్ అయిందో వాళ్ల సైట్లో చూసి, దరఖాస్తులో అదే పేరు రాయండి. ఫీజు, తపాలా ఖర్చులు కార్డు ధరని మించితే పంపకపోవడమే మేలు. ఎర్రర్ కార్డుల్లో ఎక్కువ భాగం ఈ లెక్కలోనే ఆగిపోతాయి.

పంపేముందు కార్డుని కాస్త తుడవొచ్చా?

నునుపు కార్డు మీద ధూళిని మెత్తని పొడి మైక్రోఫైబర్ గుడ్డతో తుడిస్తే చాలు. నీళ్లు, స్పిరిట్, రబ్బరు వద్దు. పేరు లేదనో రంగు లేదనో విలువ ఉన్న కార్డు మీద ఎక్కడ రుద్దిన జాడ కనబడినా, అసలు కార్డు కూడా అనుమానంతో వెనక్కి వస్తుంది.

ఎవరూ రాయని తేడా ఒకటి దొరికింది. ఏం చేయాలి?

ముందు ఇంకో రెండు మూడు కాపీలు వెతకండి. అదే మచ్చ అదే చోట ఉంటే, షీటు మీద ఆ కార్డు పక్కనున్న కార్డుల్లోనూ దాని కొనసాగింపు ఉందేమో చూడండి. నల్లగీత తెగితే పక్క కార్డులోనూ తెగి ఉండాలి. కత్తిరించని షీట్ల ఫొటోలు దొరికితే ఏది ఏ పక్కనుందో తెలుస్తుంది. 600 డీపీఐలో ముందూ వెనకా స్కాన్ చేసి, మామూలు కాపీ స్కాన్‌ని పక్కన పెట్టుకోండి. కలెక్టర్లని ఒప్పించేది ఆ రెండు స్కాన్లే. ఒప్పించినా ధర రావడానికి ఏళ్లు పట్టొచ్చు.

అమెరికా నుంచి తెచ్చిన కార్డులు ఇక్కడ ఎలా దాచాలి?

మెత్తని పలచటి స్లీవు (ప్లాస్టిక్ తొడుగు), దాని మీద టాప్‌లోడర్ (గట్టి ప్లాస్టిక్ కవరు). పాత పీవీసీ ఆల్బమ్ పేజీలు వద్దు, వేడికి జిగురెక్కి ఇంకుని లాగేస్తాయి. విశాఖ, కాకినాడలాంటి తీరప్రాంతంలో గాలి మూసుకునే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, వానాకాలంలో వాటిని మారుస్తూ ఉండండి. నునుపు పూతున్న 90ల కార్డులు స్లీవు లేకుండా దొంతిగా పెడితే ఒకదానికొకటి అతుక్కుంటాయి, విడదీస్తే పైపొర ఊడుతుంది. అలా ఊడిన కార్డుని తర్వాత ఎవరో ‘ఇంకు పడని ఎర్రర్’ అని అమ్మకానికి పెడతారు.